రాని తుపాకీకి ఒక వరుస

నవంబరు పద్నాలుగు వచ్చిందంటే మా ఊళ్ళో పళ్ళ డాక్టరు కూడా తలుపుకి కాగితం అంటించి మాయమైపోతాడు. మర్నాడు జింకల వేట మొదలు. మిషిగన్ పైభాగంలో, సుపీరియర్ సరస్సు గాలి తగిలే ఈ మూలలో, పెళ్ళి ముహూర్తాలు కూడా ఆ తేదీని తప్పించి పెట్టుకుంటారు. నా పేరు రూడీ పెల్టో. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ తుపాకులు అమ్ముతున్నాను, బాగుచేస్తున్నాను. చదువు పదో తరగతి దగ్గరే ఆగిపోయింది గానీ, ఈ చుట్టుపక్కల ఏ రైఫిల్ ఏ తాత నుంచి ఏ మనవడికి వచ్చిందో కళ్ళు మూసుకుని చెప్తాను.

నా దుకాణం వెనక గదిలో ఒక బోను ఉంది. ఇనప జాలీ, ఇనప తలుపు, పెద్ద తాళం. ఇంటి గొడవల్లో భార్యో భర్తో కోర్టుకి వెళ్ళి రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంటే, ఆ ఉత్తర్వు ఎవరి మీద ఉంటే వాళ్ళ తుపాకులన్నీ ఆ బోనులోకి వస్తాయి. షెరీఫ్ ఆఫీసులో, అంటే మా జిల్లా పోలీసుల దగ్గర, చోటు లేదని ఏడేళ్ళ కిందట ఆ పని నాకు అప్పజెప్పారు. తెచ్చేది షెరీఫ్ మనుషులు, డిప్యూటీలు. నేను ప్రతి తుపాకీకీ పసుపు ట్యాగు కట్టి, రిజిస్టర్‌లో ఒక వరుస రాసి, సంతకం పెట్టించుకుంటాను. జడ్జి మళ్ళీ చెప్పేదాకా అవి కదలకూడదు.

ఆ ఏడాది అక్టోబరులో గ్యారీ లాంపివి వచ్చాయి. గ్యారీ దుంగల లారీ తోలుతాడు. పెళ్ళాం షానాతో గొడవై, ఆమె లోపల గడియ పెట్టుకుంటే తలుపుని గుద్ది గుద్ది విరగ్గొట్టాడు. ఆమె మధ్యాహ్నం కోర్టుకి వెళ్ళింది. సాయంత్రం ఉత్తర్వు వచ్చిన నలభై నిమిషాలకి రెండు బళ్ళు, ముగ్గురు డిప్యూటీలు గ్యారీ ఇంటి ముందున్నారు. గోడ మీద అలంకారానికి తగిలించిన, గొట్టంలో సీసం పోసి మూసేసిన ముత్తాత తుపాకీ కూడా వదల్లేదు. కూతురు కెల్సీ డబ్బాలు కొట్టుకునే గాలి తుపాకీ కూడా పట్టుకొచ్చారు. మొత్తం తొమ్మిది. ముందు నిలబడి అన్నీ లెక్కపెట్టి తెచ్చింది సార్జెంటు కర్ట్ నైస్ట్రమ్.

"గాలి తుపాకీ ఎందుకయ్యా కర్ట్, పిచ్చుక కూడా చావదు దాంతో" అన్నాను.

"రూలంటే రూలే రూడీ. రాయి" అన్నాడు.

రాశాను. నాకు అది తప్పనిపించలేదు. విరిగిన ఆ తలుపు నేనూ చూశాను.

మూడు వారాల తరవాత అదే కర్ట్ మీద ఉత్తర్వు వచ్చింది. అతని భార్య డీనా, బడిలో వంట చేస్తుంది, పిల్లలిద్దర్నీ తీసుకుని పక్క ఊళ్ళో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నేను బోనులో చోటు చేసి పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మర్నాడు షెరీఫ్ బోలెన్ ఫోన్ చేశాడు.

"కర్ట్‌కి చెప్పాను. తీరిక చూసుకుని నీ దగ్గర పడేసి పోతాడులే."

తీరిక ఆరు రోజులకి దొరికింది. కర్ట్ తన ట్రక్కులో తనే ఆరు తెచ్చుకున్నాడు, నాకోసం ఒక డబ్బా డోనట్లు కూడా. బోను తనే తీశాడు, తనే పెట్టాడు. ఎప్పుడు ఎవరి తుపాకులు తెచ్చినా తాళంచెవి అందుకుని తీసేది అతనే కదా, అలవాటు. నేను ట్యాగులు కట్టాను. ఆరు వరుసలు, ఆరు సంతకాలు. యూనిఫాం వేసుకుని నడుముకి పిస్టల్ పెట్టుకుని ఆ సంతకాలు పెట్టాడు. అది నాకు కంట పడలేదని అనను. పడింది, మనసుకెక్కలేదు. పోలీసు నడుముకి పిస్టల్ ఉండదా ఏంటి.

పద్నాలుగో తేదీ పొద్దున్నే గ్యారీ వచ్చాడు, కెల్సీతో. పిల్లకి పద్నాలుగేళ్ళు, అదే మొదటి వేట. మేనమామతో వెళ్తోంది.

"రూడీ, ఒక్కటి అడుగుతా, కోప్పడకు" అన్నాడు గ్యారీ, టోపీ తీసి చేత్తో పట్టుకుని. "మా తాత రైఫిల్. నేను ముట్టుకోను. నేను బయట ట్రక్కులోనే కూర్చుంటా. దాని మామ వచ్చి నీ చేతి మీదుగా తీసుకుంటాడు, ఆదివారం నీకే తెచ్చిస్తాడు."

"కాగితం మీద నీ పేరుంది గ్యారీ. జడ్జి చెప్పేదాకా అది బోను దాటదు."

"తెలుసు. అడిగి చూద్దామనీ."

"డాడీ, చెప్పా కదా" అంది కెల్సీ, చెవులదాకా ఎర్రబడి. "మామయ్య దగ్గర ఇంకోటి ఉంది. పద."

ఆ పిల్ల ముందు పెద్ద నిజాయితీపరుడిలా నిలబడ్డాను. అదీ నాకు గుర్తుంది.

పదింటికల్లా దుకాణం జాతరలా అయిపోయింది. వేట ముందురోజు అందరూ రైఫిల్ గురి సరిచూసుకోవడానికి వస్తారు. దుకాణం వెనక నేను మట్టి గట్టు పోయించిన చోటు ఉంది. అందులో నాలుగు గుళ్ళు పేల్చి, రైఫిల్ మీది దుర్భిణి తిప్పుకుని, మళ్ళీ నాలుగు పేల్చి, కాఫీ తాగి పోతారు. బాగుకిచ్చినవైనా సరే, వాళ్ళ రైఫిల్ వాళ్ళే తీసుకుని వెనక్కెళ్ళి వాడుకుని తెచ్చి పెట్టేస్తారు. ఆ రోజు నేను రసీదు అడగను, వాళ్ళు ఇవ్వరు. మా నాన్న కాలం నుంచీ అంతే.

"ఏయ్ రూడీ, తాళంచెవి ఇటు పారెయ్. నాలుగు కొట్టి చూసుకుంటా."

కర్ట్ గొంతు. పదిమంది తలల మీదుగా చెయ్యి ఎత్తి ఉన్నాడు. నేను ఒకడి రైఫిల్‌కి దుర్భిణి బిగిస్తున్నాను. తల ఎత్తకుండానే నడుముకున్న తాళాల గుత్తి తీసి విసిరాను. అతను గాల్లోనే పట్టుకున్నాడు. కాసేపటికి వెనక నాలుగు శబ్దాలు వినిపించాయి. గుత్తి కౌంటర్ మీద పడింది. నేను దాన్ని మళ్ళీ నడుముకి తగిలించుకున్నాను. అంతే. ఆ తరవాత దాని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఒంటిగంటకి డీనా వచ్చింది. ఆమెని చూసి దుకాణంలో ఉన్న నలుగురైదుగురూ మాట్లాడ్డం ఆపేసి గోడల వైపు చూశారు. కర్ట్ అంటే ఈ ఊళ్ళో అందరికీ ఇష్టం. మంచులో బండి దిగబడితే తాడు పట్టుకొచ్చేది అతనే మరి.

"రూడీ గారూ, ఒక్క నిమిషం. కర్ట్‌వి ఆరు మీ దగ్గరున్నాయని కోర్టు కాగితంలో ఉంది. ఒక్కసారి కళ్ళతో చూడొచ్చా?"

"చూడమ్మా, దానికేం భాగ్యం."

వెనక గదికి తీసుకెళ్ళాను. బోను తీశాను. కర్ట్‌వి ఐదే ఉన్నాయి. ఆరో కొక్కెం ఖాళీగా ఉంది. పసుపు ట్యాగు కింద బల్ల మీద పడి ఉంది, దారం చాకుతో కోసి.

ఆ ఖాళీ కొక్కెం చూస్తూ అలాగే నిలబడిపోయాను. డీనా కూడా లెక్కపెట్టుకుంది, పెదాలు కదిలాయి.

"పొద్దున అతను గురి చూసుకుంటానని..." అని మొదలుపెట్టాను.

"మీరిచ్చారా?"

"తాళంచెవి అడిగాడు. ఇచ్చాను."

ఆమె బల్ల అంచు మీద కూర్చుంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"రేపు పొద్దున ఇంటికెళ్ళి మా సామాన్లు తెచ్చుకుందామనుకున్నా" అంది. "పిల్లల చలికోట్లు, పుస్తకాలు, మా అమ్మ కుట్టు మిషను. ఏడాది మొత్తంలో అతను కచ్చితంగా ఇంట్లో ఉండని రోజు అదొక్కటే. అడవిలో వేట క్యాంపులో ఉంటాడు. తోడు ఎవర్నన్నా పంపమని షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, రేపు మనుషుల్లేరు, అందరూ వేటకెళ్తున్నారు అన్నారు. ఉన్నా వచ్చేది కర్ట్ స్నేహితులే. అందుకే ఆ ఇంట్లో అడుగుపెట్టేముందు తుపాకులు ఎక్కడున్నాయో నాకు తెలియాలి. ఇంకేం అక్కర్లేదు."

"సాయంత్రంలోగా తెచ్చేస్తానమ్మా. నేనే వెళ్ళి తెస్తాను. ఆరూ ఇక్కడుంటాయి."

"ఆరు కాదు రూడీ గారూ. ఏడు."

నాకు అర్థం కాలేదు.

"నడుముకుందే, అది. ఆ రోజు అతను నా మీద చెయ్యి చేసుకోలేదు. డ్యూటీ నుంచి వచ్చి, పిస్టల్ తీసి భోజనాల బల్ల మీద పెట్టి, దాని మూతి నా వైపు తిప్పి, సూప్ మొత్తం తాగాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా నన్ను లేవనివ్వలేదు. జడ్జికి ఇదే చెప్పా. జడ్జి తుపాకులన్నీ అని రాసింది. ఇంట్లో ఉన్నవి ఆరు తెచ్చారు. నాకు భయం వేసింది మాత్రం వాటిని చూసి కాదు."

ఆమె లేచి బల్ల మీది ట్యాగు తీసి నా చేతిలో పెట్టింది. "సాయంత్రం ఫోన్ చెయ్యండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అని వెళ్ళిపోయింది.

ముందు షెరీఫ్‌కి ఫోన్ చేశాను.

"ఇవాళా రూడీ?" అన్నాడు బోలెన్. నోట్లో ఏదో నములుతున్నాడు. "వేట రైఫిలే కదా. వాడు మావాడు. వాళ్ళ నాన్న క్యాంపులో ఉంటాడు. ఆదివారానికి తెచ్చి పెట్టేస్తాడు."

"ఉత్తర్వుంది కదా. గ్యారీ తాత రైఫిల్ అడిగితే పొద్దునే కాదన్నాను."

"గ్యారీ డిప్యూటీ కాదు."

"మరి ఆ పిస్టలు?"

"అది ప్రభుత్వానిది. అది లేకుండా ఉద్యోగం ఎలా చేస్తాడు?"

"రేపు సెలవులో ఉన్నాడు కదా."

"పిలిస్తే రావాలి కదా. నీ కొట్టు చూసుకో రూడీ, ఇవాళ నీకు బేరాలు బాగుంటాయి."

కౌంటర్ మా ఆవిడ ప్యాట్‌కి అప్పజెప్పి ట్రక్కెక్కాను. "ఎక్కడికి, ఇంత గిరాకీలో?" అంది. చెప్పాను. "తాళంచెవి విసిరావా? విసిరావా రూడీ?" అంది, రెండుసార్లు. మూడోసారి అనకముందే బయల్దేరాను.

నైస్ట్రమ్‌ల క్యాంపు పన్నెండు మైళ్ళు, చివరి నాలుగు మైళ్ళు మట్టిదారి. వెళ్ళేసరికి మూడు కావస్తోంది. దుంగల గుడిసె ముందు ఐదుగురు మనుషులు, బకెట్టులో బీరు, పక్కన ఆవిరి గది పొగగొట్టంలోంచి తెల్లటి పొగ. మా వాళ్ళకి వేట ముందురోజు ఒంటికి ఆవిరి పట్టకపోతే జింక కనిపించదని నమ్మకం. కర్ట్ మెట్ల మీద కూర్చుని బూట్లకి నూనె రాస్తున్నాడు. మామూలు బట్టల్లో ఉన్నాడు. పిస్టల్ మాత్రం నడుముకే ఉంది.

"చూడండ్రోయ్, రూడీ!" అన్నాడు ఒకడు. "కొట్టు మూసేశాడు. ఎవరో పోయుంటారు."

"ఇంటిదగ్గర ప్యాట్ తరిమేసుంటుంది" అన్నాడు ఇంకొకడు.

"కర్ట్, ఆ రైఫిల్ కోసం వచ్చాను" అన్నాను.

నవ్వులు కాసేపు కొనసాగి ఆగిపోయాయి.

"గురి చూసుకుంటానన్నావు. గుత్తి ఇచ్చాను. తీసుకుపొమ్మనలేదు. నాదీ తప్పే, కాదనను. ఇచ్చెయ్."

"అది పంపిందా నిన్ను?"

"ఎవరూ పంపలేదు. రిజిస్టర్‌లో ఆరు రాశాను. ఐదున్నాయి."

"గ్యారీ లాంపిని ఇలాగే అడిగేవాడివా?" అన్నాడు, బూటు కింద పెట్టి.

"గ్యారీకి అసలివ్వలేదు కాబట్టి అడగాల్సిన పని రాలేదు."

కర్ట్ లేచాడు. నాకంటే తల ఎత్తు పొడుగు. నాకు భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను. అతను నన్నేం చేస్తాడని కాదు. రేపటి నుంచి ఈ మనుషులందరూ నా దుకాణం గుమ్మం ఎక్కరేమోనని.

"చూడు రూడీ. నేను రోజూ దీంతో ఊరంతా తిరుగుతా." నడుము మీద తట్టాడు. "షెరీఫ్ తిరగమన్నాడు. దీంతో తిరిగేవాడు ఆ రైఫిల్‌తో ఒక జింకని కొడితే కొంపలు మునుగుతాయా? నువ్వే చెప్పు."

నిజమే కదా అనిపించింది. తరవాత ట్రక్కులో కూర్చున్నాక అర్థమైంది, అది రైఫిల్ ఇవ్వడానికి కారణం కాదు, పిస్టల్ తీసుకోవడానికి కారణమని. కానీ నాకు మాటలు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి.

ఆవిరి గది తలుపు తెరుచుకుంది. కర్ట్ తండ్రి అర్విడ్, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, నడుముకి తువ్వాలు, ఒళ్ళంతా ఎర్రగా, భుజాల నుంచి పొగలు. క్యాంపు ఆయనదే.

"ఏంటా రిజిస్టరు?" అన్నాడు. "అన్నీ వినపడుతున్నాయి. గోడ చెక్కే కదా."

"ఏం లేదు నాన్నా. లోపలికెళ్ళు, జలుబు చేస్తుంది."

"నిన్నడగలేదు. రూడీ, చెప్పు."

చెప్పాను. కోర్టు ఉత్తర్వు, ఆరు తుపాకులు, తాళంచెవి. భోజనాల బల్ల సంగతి చెప్పలేదు. అది డీనాది, నేను పంచిపెట్టేది కాదు.

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. "అక్క దగ్గరికి నాలుగు రోజులుండడానికి వెళ్ళిందన్నావు."

కర్ట్ వంగి నూనె డబ్బా మూత బిగించాడు.

"కోర్టు కాగితం ఉందని నాకు చెప్పలేదు నువ్వు. ఈ గుడిసెలో మీ తాత ఒకే మాట రాసి పెట్టాడు, తలుపు మీద ఇంకా ఉంది, కాగితం లేకుండా ఎవడూ తుపాకీ ఎత్తకూడదు. లైసెన్సు గురించి రాశాడు. నేను కోర్టు కాగితానికి కూడా అదే మాట అంటా."

తడికాళ్ళతోనే మెట్లెక్కి లోపలికెళ్ళాడు. రైఫిల్ తెచ్చి, గుళ్ళు తీసి, బోల్టు వెనక్కి లాగి లోపల ఖాళీ అని నాకు చూపించి చేతికిచ్చాడు.

"రేపు నువ్వు వంట చెయ్యి" అన్నాడు కొడుకుతో.

తరవాత ఆయన చూపు కర్ట్ నడుము మీద ఆగింది. చాలాసేపు.

"ఇది ఉద్యోగం నాన్నా" అన్నాడు కర్ట్.

పెద్దాయన ఆవిరి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ సంగతి ఆయన చేతుల్లో కూడా లేదు.

దుకాణానికి వచ్చి ఆరోదాన్ని కొక్కేనికి తగిలించి, కొత్త ట్యాగు కట్టి, డీనాకి ఫోన్ చేశాను.

"ఆరూ లోపలున్నాయి. తాళం వేశాను. తాళంచెవి ఇంక ఎవరికీ ఇవ్వను."

"ఏడోది?"

"అతని దగ్గరే ఉంది."

అటువైపు మిక్సీ శబ్దమో ఏదో వినిపించింది, పిల్లలెవరో నవ్వారు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను, చెప్పారు" అంది. "మిగతావాళ్ళందరూ ఆరూ లోపలున్నాయి కదా, ఇంక నిశ్చింతగా ఉండమనేవాళ్ళు."

"రేపు వెళ్తావా అమ్మా?"

"వెళ్తా. మీరు రాగలరా? ఏం చెయ్యక్కర్లేదు. మా ఇంటి ముందు మీ ట్రక్కులో కూర్చోండి, నేను సర్దుకునేదాకా."

ముప్పై ఎనిమిదేళ్ళుగా పదిహేనో తేదీ పొద్దున నేను అడవిలో లేని రోజు లేదు. పెళ్ళైన ఏడాది కూడా. "వస్తాను" అన్నాను.

సామాన్లకి నా ట్రక్కు చాలదు. ఆ రోజు ఊళ్ళో ఖాళీగా ఉండే మగాడు, పెద్ద బండి ఉన్నవాడు ఒక్కడే. గ్యారీకి ఫోన్ చేశాను. చెయ్యకముందే ఇంకోటి చెప్పాలని తెలుసు, చెప్పాను. నీకు కాదన్న రెండు గంటలకి కర్ట్‌కి తాళాల గుత్తి విసిరానని.

అటువైపు గ్యారీ టీవీ శబ్దం తగ్గించాడు.

"నాకు ముందే అనిపించింది" అన్నాడు. "నువ్వని కాదు. ఎవరో ఒకరు అతనికి ఇస్తారని."

"నీకు కోపం రావట్లేదా?"

"వస్తోంది. కానీ రూడీ, ఒకటి చెప్పనా. మావి తీసుకెళ్ళిన రోజు నేను తాగి, ఏడ్చి, ఆ గోడ వంక చూస్తూ కూర్చున్నా. అక్కడేమీ లేదు. లేకపోవడం మంచిదైంది. షానా మీద కాదు, నా మీద నాకే నమ్మకం లేదు ఆ వారం. నావి పట్టుకెళ్ళారని నాకు బాధ లేదు. అతనివి కూడా అలాగే ఎందుకు పట్టుకెళ్ళరు అనే నా బాధ. వాడు నాకంటే గట్టివాడా? వాడికి కోపం రాదా?" ఆ వెంటనే, "ఎన్నింటికి రమ్మంటావ్?" అన్నాడు.

పదిహేను పొద్దున ఏడుకి ముగ్గురం కర్ట్ ఇంటి ముందున్నాం. వెలుతురు వస్తుండగానే అడవి వైపు నుంచి మొదటి పేలుడు వినిపించింది. తరవాత వరసగా. ప్రతి పేలుడుకీ డీనా చేతిలో ఉన్నది పట్టుకుని ఒక్క క్షణం ఆగేది. ఆగి, మళ్ళీ నడిచేది. ప్యాట్ పాస్టీలు కట్టి పంపింది, మాంసం, బంగాళాదుంప కూరి కాల్చినవి. బండి మీద పెట్టుకుని తిన్నాం.

"మీ కెల్సీ ఏదైనా కొట్టిందా?" అని అడిగింది డీనా.

"మెసేజి పెట్టింది. ఉడతలు తప్ప ఏం రాలేదంట. చలి వేస్తోందంట. మామయ్య గురక పెడుతున్నాడంట" అన్నాడు గ్యారీ. ఆమె ఆ రోజు మొదటిసారి నవ్వింది.

పదకొండు దాటి పది నిమిషాలకి కర్ట్ ట్రక్కు వచ్చి రోడ్డు అవతల ఆగింది. ఇంజను ఆపలేదు. అద్దం దించాడు. ఇంటికి వంద గజాలు ఉంటుందేమో. ఆమెకి ఎంత దూరంలో ఉండాలో ఉత్తర్వులో రాసి ఉంది, అంతకంటే దగ్గరే.

డీనా వాకిట్లో కుట్టు మిషను పట్టుకుని నిలబడిపోయింది. గ్యారీ ఆమె చేతిలోంచి దాన్ని మెల్లిగా తీసుకున్నాడు. నేను నడుచుకుంటూ వెళ్ళి వాకిలి చివర, రోడ్డుకి ఇవతల నిలబడ్డాను. చేతులు రెండూ జేబుల్లోంచి తీసి కనపడేలా పెట్టుకున్నాను. అతని కుడిచెయ్యి తలుపు కిందకి ఉంది, నాకు కనపడలేదు. నా జీవితంలో అంత పొడుగు నాలుగు నిమిషాలు చూడలేదు. తరవాత అద్దం ఎక్కించి వెళ్ళిపోయాడు.

"నేను గనక షానా ఇంటి ముందు అలా ఆగుంటే" అన్నాడు గ్యారీ వెనక నుంచి, "ఈపాటికి నా మొహం పోలీసు కారు బోనెట్ మీద ఉండేది."

డీనా షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేసింది. రాసుకున్నాం అన్నారు. ఎవరూ రాలేదు. మిగిలిన పెట్టెలు గంటలో ఎక్కించేశాం.

సాయంత్రం దుకాణంలో రిజిస్టర్ తీశాను. కర్ట్ పేజీ. ఆరు వరుసలు. ఏడేళ్ళుగా అందులో లోపలికి వచ్చినవే రాశాను, రానివి రాయాలని ఎప్పుడూ తోచలేదు, రాయమని ఎవరూ చెప్పలేదు. ఏడో వరుసలో రాశాను. వస్తువు: డ్యూటీ పిస్టల్. అందిన తేదీ: ఖాళీ. ఎక్కడుంది: అతని నడుముకి. చూసింది: రూడీ పెల్టో. దాని కింద ఇంకా రాశాను, పద్నాలుగున తాళంచెవి నేనే ఇచ్చానని, రైఫిల్ ఐదు గంటలపాటు బయట ఉందని, పదిహేనున పదకొండూ పదికి అతని ట్రక్కు ఇంటి ముందు ఆగిందని. నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి. మా ఆవిడ చేత మళ్ళీ చదివించుకున్నాను.

"నీ తప్పు కూడా రాశావే" అంది ప్యాట్.

"అది లేకపోతే మిగతాది ఎవరు నమ్ముతారు?"

ఆ పేజీ నకలు డీనా అడిగింది, ఇచ్చాను. మంగళవారం విచారణ. గ్యారీ, నేను వెనక బల్ల మీద కూర్చున్నాం. కర్ట్ యూనిఫాంలోనే వచ్చాడు, నడుముకి దాంతోనే. జడ్జి కాగితం చదువుతూ చదువుతూ ఏడో వరుస దగ్గర వేలు పెట్టి ఆగింది. తల ఎత్తి షెరీఫ్‌ని చూసింది.

"ఇది ఎందుకు ఖాళీగా ఉంది?"

"డ్యూటీకి అవసరం మేడం" అన్నాడు బోలెన్.

"పదిహేనో తేదీ పదకొండు పదికి ఇతను డ్యూటీలో ఉన్నాడా?"

బోలెన్ టోపీ చేతులు మార్చుకున్నాడు. "లేడు మేడం."

"ఆ ఖాళీ రేపటికి నింపండి. తుడిచే పనో రాసే పనో, పిస్టల్ అక్కర్లేని పని ఇతనికి ఇవ్వండి, పూర్తి విచారణ అయ్యేదాకా." తరవాత కళ్ళజోడు పైనుంచి వెనక బల్ల వైపు చూసింది. "పెల్టో ఎవరు?"

లేచి నిలబడ్డాను.

"ఇంకోసారి తాళంచెవి విసిరితే ఆ బోను వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను."

"అలాగే మేడం" అన్నాను.

ఇది తాత్కాలికమే. పూర్తి విచారణ జనవరిలో. అప్పుడు ఏమవుతుందో నాకు తెలియదు. ఇప్పటికే షెరీఫ్ ఆఫీసు వాళ్ళు బాగుచేతలకి వేరే ఊరు వెళ్తున్నారు, క్యాంపు మనుషుల్లో ఇద్దరు నా కొట్టుకి రావడం మానేశారు.

బుధవారం మధ్యాహ్నం ఒక కుర్ర డిప్యూటీ పిస్టల్ ఒక సంచిలో తెచ్చాడు. బోను ముందు నేను కొత్తగా గీసిన సుద్దగీత దాటి, అలవాటుగా తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

"నువ్వు గీత అవతల నిలబడు నాయనా" అన్నాను.

నేనే తీశాను, నేనే పెట్టాను, నేనే ట్యాగు కట్టాను. ఏడో వరుసలో ఖాళీగా ఉన్న చోట తేదీ వేశాను. కుర్రాడు సంతకం పెట్టి వెళ్ళాక ఫోన్ తీశాను.

"ఏడూ?" అంది డీనా, నేను నోరు తెరవకముందే.

"ఏడూ" అన్నాను.